పక్కన ఎవరు కూర్చుంటున్నారు?

ఈ నెల శీర్షికకి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. రాసినవాళ్లలో మాస్టార్లున్నారు, తల్లులున్నారు, ఒక నాయనమ్మ, ఒక ఎనిమిదో తరగతి పిల్లాడు కూడా ఉన్నారు. అన్నిట్లోనూ ఫిర్యాదు ఇంచుమించు ఒకటే: "పిల్లాడికి బడి మీద మనసు లేదు." మనసు ఎందుకు లేదని పిల్లాణ్ణి నిలదీసే ముందు, వాడు రోజూ కూర్చునే బెంచీని, ఆ బెంచీ మీద వాడి పక్కనున్న మనిషిని ఒకసారి చూడమన్నది మా మాట. జవాబులన్నీ అటువైపే నడుస్తాయి.

ప్రశ్న: ఏడో తరగతికి సాంఘిక శాస్త్రం చెబుతాను. 32 మంది పిల్లలు. ఏ ప్రశ్న వేసినా అదే ఆరుగురు చేతులెత్తుతారు. మిగతావాళ్లు అల్లరీ చెయ్యరు, నోరూ విప్పరు. తిట్టినా అంతే, బుజ్జగించినా అంతే. ఏం చెయ్యమంటారు?
— ఒక ఉపాధ్యాయుడు, టెక్కలి

మాస్టారూ, ముందు మూడు రోజులు ఏమీ మార్చకండి, లెక్క మాత్రం తీయండి. ఒక తెల్లకాగితం మీద మీ తరగతి బెంచీల పటం గీసుకుని, ఏ పిల్లాడు నోరు విప్పినా వాడి గడిలో ఒక గీత పెట్టండి. మూడో రోజుకి గీతలన్నీ ముందు రెండు వరసల్లోనూ, నడవకి రెండు పక్కలా కనిపిస్తే అది పిల్లల తెలివితేటల పటం కాదు, మీ చూపు ఎటు తిరుగుతోందో చెప్పే పటం.

రెండో లెక్క: ప్రశ్న వేశాక మీరెంతసేపు ఆగుతున్నారు? అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో ఎన్నో తరగతుల్లో పాఠాలు రికార్డు చేసి చూస్తే, టీచర్లు సగటున ఒక సెకను కూడా ఆగడం లేదని తేలింది. దాన్ని మూడు సెకన్లకి పెంచిన చోట జవాబులు పొడుగయ్యాయి, "తెలీదు" అనేవాళ్లు తగ్గారు, ఎప్పుడూ మాట్లాడని పిల్లలూ మాట్లాడారు. మూడు సెకన్లంటే వినడానికి ఏముంది అనిపిస్తుంది. నిలబడి చూడండి, యుగంలా ఉంటుంది. మనసులో "నాగావళి, వంశధార, చంపావతి" అని నిదానంగా అనుకుంటే సరిపోతుంది.

మూడోది అన్నిటికంటే పెద్దది. తప్పు జవాబు వచ్చినప్పుడు ఆ గదిలో ఏమవుతోంది? ఎవరో కిసుక్కుమంటారు, మీరు "కూర్చో" అని పక్కవాడి వైపు తిరుగుతారు. దెబ్బ తగిలింది ఒక్కడికే, చూసి నేర్చుకున్నది మాత్రం 31 మంది. అందుకే నోరు విప్పనివాడు మొద్దు కాడు, లెక్క బాగా వేసుకున్నవాడు.

ఇక మార్చాల్సింది. ప్రశ్న వేశాక వెంటనే చేతులెత్తించకండి. ఒక నిమిషం ఎవరికి వారు నోటుబుక్కు వెనక పేజీలో రెండు ముక్కలు రాసుకోవాలి. తర్వాత రెండు నిమిషాలు పక్కవాడితో మెల్లగా మాట్లాడుకోవాలి. ఆ తర్వాత మీరు ఒకణ్ణి లేపి, "నీ జవాబేంటి?" అనకుండా "మీ పక్కవాడు ఏమన్నాడు?" అని అడగండి. ఆ చిన్న మార్పులోనే కిటుకుంది. తప్పయితే అది తన తప్పు కాదు, కాబట్టి భయం లేదు. పక్కవాడు చెప్పింది వినకపోతే దొరికిపోతాడు, కాబట్టి వింటాడు. ఎవర్ని లేపాలో చీటీ తీయండి: 32 పేర్లు రాసి ఒక డబ్బాలో వేసుకోండి. తీసిన చీటీ మళ్లీ డబ్బాలోనే వెయ్యాలి. బయట పెట్టేస్తే, చెప్పేసినవాడు ఇక ఆ పీరియడంతా హాయిగా నిద్రపోతాడు.

మీ ఇరవై ఆరుగురిలో కొందరు పుస్తకం చదవలేకే నోరు మూసుకుని ఉండొచ్చు. ఏడో తరగతిలో ఇది మామూలే, పైకి చెప్పుకోరు. తెలుగు మాస్టారితో కలిసి జంట చదువు పెట్టండి. అందరి చేతా ఒకే పేరా విడివిడిగా చదివించి, బాగా చదివేవాళ్ల నుంచి కిందికి 1 నుంచి 32 దాకా వరస రాసుకోండి (ఈ జాబితా మీ దగ్గరే ఉండాలి, గోడకెక్కకూడదు). సగానికి మడవండి. 1కి 17 జత, 2కి 18, అలా 16కి 32. ఒకటో వాడికి ముప్ఫై రెండో వాణ్ణి కట్టకండి. ఆ దూరం మీద ఒకడికి విసుగు, ఇంకొకడికి సిగ్గు తప్ప ఏమీ పుట్టవు.

వారానికి మూడు రోజులు, రోజుకి పదిహేను నిమిషాలు చాలు. ముందు గట్టివాడు అయిదు నిమిషాలు పైకి చదవాలి. తర్వాత అదే భాగాన్ని రెండోవాడు అయిదు నిమిషాలు చదవాలి. ముందే ఒకసారి చెవిన పడింది కాబట్టి తడబాటు తగ్గుతుంది. మిగిలిన సమయంలో చదివింది ఏమిటో సొంత మాటల్లో చెప్పుకోవాలి. తప్పు దొర్లితే ఎలా అనాలో కూడా నేర్పాలి, నేర్పకపోతే పిల్లలకి తెలిసింది వెక్కిరింపే. "ఆగు, ఈ మాట మళ్లీ చూడు" అనాలి. నాలుగు అంకెలు లెక్కపెట్టేదాకా ఆగాలి. రాకపోతే మాట చెప్పాలి. చదివేవాడు ఆ మాట తిరిగి అని, వాక్యం మొదటి నుంచి చదవాలి. ఈ నాలుగు మెట్లూ మొదటి వారమంతా మీరే ఇద్దరు పిల్లల్ని ముందు నిలబెట్టి చేయించి చూపించండి.

ఎక్కడ చెడుతుందంటే: మొదటి మూడు రోజులు గది సంతలా ఉంటుంది, పక్క తరగతి టీచరు వచ్చి తలుపు దగ్గర నిలబడతారు, మీరు భయపడి మానేస్తారు. మానకండి. "పక్క బెంచీకి వినపడని గొంతు" ఎంతో పలికి చూపించండి. రెండోది, జత రానిరోజు. ఆ రోజు మిగిలినవాణ్ణి ఖాళీగా కూర్చోబెట్టకుండా మూడో మనిషిగా ఏ జంటలో చేరాలో ముందే రాసి పెట్టండి. మూడోది, జంటల్ని ఏడాదంతా మార్చకపోవడం. నాలుగు వారాలకోసారి మళ్లీ వరస రాసి మార్చాలి.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి, క్లాసులో ఫస్టు. ఈ మధ్య టీచరు బాగా వెనకబడిన అమ్మాయిని దాని పక్కన కూర్చోబెట్టి "నువ్వే చెప్పు" అంటున్నారట. మా పిల్ల చదువు పాడవదా?
— ఒక తల్లి, విజయనగరం

అమ్మా, చెప్పే పిల్ల నష్టపోదు. ఒక లెక్క తాను చేయడం వేరు, ఎదుటివాళ్లకి ఎందుకు అలా వచ్చిందో చెప్పడం వేరు. రెండోదానిలో తన అవగాహనకున్న చిల్లులు తనకే కనబడతాయి.

పైగా ఈ పద్ధతి మనకి కొత్తదేం కాదు. వెనక మన వీధిబడుల్లో అరుగు మీద పెద్దపిల్లలు చిన్నపిల్లల చేత ఇసకలో అక్షరాలు దిద్దించేవారు. 1789లో మద్రాసు ఎగ్మోరులోని సైనిక అనాథ బాలుర శరణాలయం చూసుకోవడానికి వచ్చిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతగురువు, అలాంటి బడి చూసి తన దగ్గరా అదే పెట్టాడు. 1797లో లండనులో దాని మీద పుస్తకం అచ్చు వేశాడు. అక్కణ్ణుంచి అది "మద్రాసు పద్ధతి" పేరుతో ఇంగ్లండు బడులకి పాకింది. అయితే దాని వెనక ఇంకో సంగతీ ఉంది: జీతం ఇవ్వక్కర్లేని పంతుళ్లు దొరికారని అక్కడివాళ్లు సంబరపడ్డారు. మీరు కనిపెట్టుకుని ఉండాల్సింది దాన్నే.

రోజుకి పదిహేను, ఇరవై నిమిషాలు, టీచరు గదిలో ఉండగా, ముందు పాఠం టీచరే చెప్పాక అయితే మంచిది. వారంలో ఒకసారైనా పాత్రలు తిరగబడాలి. ఆ రెండో అమ్మాయికి బొమ్మలో, మ్యాపులో, ఒడియా మాటలో ఏదో ఒకటి మీ అమ్మాయికంటే బాగా వచ్చే ఉంటుంది. అది వెతకడం టీచరు పని. మీ అమ్మాయి చేత అందరి నోటుబుక్కులూ దిద్దిస్తున్నా, టీచరు రాని పీరియడులో బెత్తం ఇచ్చి నిలబెడుతున్నా వెళ్లి అడగండి, మొహమాటపడకండి.

ముఖ్యంగా ఒకటి. క్లాసు లీడరు చేత "మాట్లాడినవాళ్ల పేర్లు" బోర్డు మీద రాయించే అలవాటు మన బడుల్లో తరతరాలుగా ఉంది. గొడవ ఎక్కువైతే పేరు పక్కన ఇంటూ మార్కు, ఇంకా ఎక్కువైతే రెండు ఇంటూలు. స్నేహితుల పేర్లు చెరిపెయ్యడం, పగవాళ్లవి ఉంచడం అక్కడే మొదలవుతుంది. పొద్దున్న పేరు రాసి దెబ్బలు తినిపించిన పిల్ల మధ్యాహ్నం లెక్క చెబితే ఎవరు వింటారు? రెండు పనుల్లో ఏదో ఒకటే ఒక పిల్లకి ఇవ్వాలి. మా ఓటు అడిగితే, బోర్డు మీద పేర్లు రాయడమే ఎత్తెయ్యాలి.

ప్రశ్న: బడి యాజమాన్య కమిటీలో సభ్యురాలిని. మా బడిలో పెద్ద ఆడపిల్లలు మధ్యాహ్నం తర్వాత తల వాల్చేస్తున్నారని, నెలకి రెండు మూడు రోజులు రావడం లేదని మాస్టార్లు అంటున్నారు. తల్లిదండ్రులే పట్టించుకోవాలట. కమిటీ చెయ్యగలిగింది ఏమైనా ఉందా?
— నెల్లిమర్ల మండలం

ఉంది. మీటింగు ముందురోజు మీరూ ఇంకో తల్లీ కలిసి ఇంటర్వెల్ వేళకి బడికి వెళ్లి, ఆడపిల్లల మరుగుదొడ్ల దగ్గర నిలబడండి. ఎన్ని గదులు కట్టారని రికార్డులో ఉందో అది వదిలెయ్యండి. ఆ నిమిషంలో ఎన్ని పనిచేస్తున్నాయో లెక్కపెట్టండి. నాలుగుంటే ఒకదానికి తాళం, ఒకదానికి గడియ ఊడిపోయి ఉండడం వింతేం కాదు. మిగిలినవి రెండు. ఒక్కో పిల్లకి రెండు నిమిషాలు అనుకుంటే పది నిమిషాల ఇంటర్వెల్‌లో ఒక్కో గదికి అయిదుగురు, మొత్తం పదిమంది. బడిలో ఆడపిల్లలు 140 మంది ఉంటే మిగతా 130 మంది ఏం చేస్తున్నారు? ఇంటి దగ్గర్నుంచే నీళ్లు తాగకుండా వస్తున్నారు. తల వాల్చేస్తున్నారంటే పాఠం మీద ఇష్టం లేక కాదు, దాహంతో తలనొప్పి వచ్చి. నెలకి రెండు మూడు రోజులు రాకపోవడమూ చాలావరకు ఇదే కథ: ఆ రోజుల్లో గుడ్డ మార్చుకునే చోటు బడిలో ఉండదు.

విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఆడపిల్లలకి వేరే మరుగుదొడ్డి ఉండాలని కూడా ఆ చట్టం షెడ్యూలులోనే ఉంది. కాబట్టి మీరు అడిగేది దయ కాదు. తీర్మానం రాయించేటప్పుడు "పరిశుభ్రత మెరుగుపరచాలి" అని రాయించకండి, దానితో ఏమీ కాదు. వస్తువుల పేర్లు రాయించండి: లోపల గడియ, చున్నీ తగిలించుకునే మేకు, బకెట్, మగ్గు, మూత ఉన్న చెత్తడబ్బా, నీళ్ల కుళాయి పనిచేయని రోజున నింపడానికి ఒక డ్రమ్ము, ఆ డ్రమ్ము ఎవరు ఎన్నింటికి నింపాలో. తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా. తాళంచెవి ఆఫీసు గదిలో పదిమంది మగ మాస్టార్ల మధ్య ఉంటే, ఏ పిల్లా వెళ్లి అడగదు.

ఇంటర్వెల్‌ని తరగతులవారీగా రెండు మూడు ముక్కలు చెయ్యమనండి. ఆరు, ఏడు ఒకసారి, ఎనిమిది, తొమ్మిది ఇంకోసారి, పది వేరే. పీరియడు మధ్యలో వెళ్లాలంటే అందరి ముందూ చెయ్యెత్తి అడిగే పని లేకుండా, తలుపు దగ్గర మేకుకి ఒక చెక్కముక్క వేలాడదీయండి. అది తీసుకుని వెళ్లి, వచ్చాక తగిలించాలి. చెక్క మేకు మీద లేకపోతే ఎవరో బయట ఉన్నారని అర్థం. టీచరుకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

ఆడపిల్లలు ఇద్దరిద్దరుగా వెళ్తారని, కబుర్లకోసమని మాస్టార్లు కోప్పడతారు. గడియ లేని తలుపుకి బయట కాపలా ఎవరు కాస్తారు మరి? గడియ పెట్టించేదాకా ఇద్దర్నీ పంపించమని చెప్పండి.

ప్రశ్న: నేను ఎనిమిదో తరగతి. నాకు నత్తి. పాఠం చదవమంటే మొదటి మాట దగ్గరే ఆగిపోతుంది. అందరూ నవ్వుతారు. ఇప్పుడు సార్ నన్ను వదిలేసి నా తర్వాతవాడి చేత చదివిస్తున్నారు. అది ఇంకా బాధగా ఉంది.
— ఒక విద్యార్థి, చీపురుపల్లి

బాబూ, నీకు ఒక ఉపాయం. నత్తి ఉన్నవాళ్లలో చాలామందికి ఇంకొకరితో కలిసి ఒకే గొంతుగా చదివితే తడబాటు బాగా తగ్గుతుంది. పాటలోనూ అంతే. నీ పక్కన నువ్వు నమ్మే స్నేహితుడు ఒకడుంటాడు కదా, ఇంటి దగ్గర వాడితో కలిసి నాలుగు లైన్లు చదివి చూడు. బాగుంటే సార్‌కి ఒక చిన్న చీటీ రాసి, క్లాసులో కాదు, స్టాఫ్ రూము బయట ఇయ్యి: "సార్, నన్ను వదిలెయ్యకండి. నేనూ, నా పక్కవాడూ కలిసి చదువుతాం. మధ్యలో వాడు ఆపేస్తాడు, నేను కొనసాగిస్తాను. ఆగిపోతే కాసేపు ఆగండి."

సార్‌కి మా మాట: మధ్యలో ఆ మాట మీరు అందించకండి. "నెమ్మదిగా, ఊపిరి తీసుకుని" అనకండి, అది ఇంకా బిగిస్తుంది. వాడి మొహంలోకి మామూలుగా చూస్తూ వినండి. మీరు ఎలా వింటారో పిల్లలూ అలాగే వింటారు.

నవ్వడం సంగతి. ఒకసారి నవ్వు వచ్చేసినవాడు వేరు. కావాలని, పదేపదే, నువ్వు తిరిగి ఏమీ అనలేవని తెలిసి నవ్వేవాడు వేరు. నార్వేలో ఈ విషయం మీద ఏళ్ల తరబడి పనిచేసిన డాన్ ఓల్వేయస్ వేధింపుకి పెట్టిన మూడు గుర్తులూ ఇవే. మూడూ ఉంటే అది ఆట కాదు. ఎవరు, ఏ రోజు, ఏ చోట, ఏమన్నారో నాలుగు లైన్లు రాసి హెడ్మాస్టారికి ఇవ్వాలి. అలాంటప్పుడు పెద్దలు చేసే తప్పు ఒకటుంది: ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి "చేతులు కలుపుకోండి, అయిపోయింది" అనడం. అలా కలిపిన చెయ్యి బయటికి వెళ్లగానే వీపు మీద పడుతుంది. ఇద్దరితో విడివిడిగా మాట్లాడాలి. చుట్టూ చేరి నవ్వేవాళ్లలో ఇద్దరు ముగ్గుర్ని పిలిచి "రేపటి నుంచి మీరు నవ్వకుండా ఉండండి, అంతే" అని అడగాలి. ప్రేక్షకులు లేకపోతే ఆట సాగదు.

ఊళ్లో బళ్లకి ఆరోగ్య పరీక్షలకి వచ్చే ఆర్బీఎస్‌కే అనే ప్రభుత్వ బృందానికి నీ సంగతి చెప్పు. 18 ఏళ్ల లోపు పిల్లల్ని వాళ్లు చికిత్సకి పంపించగలరు. బడిలో ఎవరూ వినకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చెయ్యొచ్చు, డబ్బులు పడవు.

ప్రశ్న: మావోడి అమ్మా నాన్నా చేపల వేటకని గుజరాతు వీరావల్ వెళ్లిపోయినారు. ఆడు నా కాడే ఉంటన్నాడు, ఆరో తరగతి. జొరం వచ్చి, పండక్కి అటెల్లి ఇటెల్లి మూడు వారాలు బడి మానేసినాడు. ఇప్పుడు ఎల్లనంటన్నాడు. ఏటి సెయ్యను?
— ఒక నాయనమ్మ (మనవరాలి చేత రాయించింది), సంతబొమ్మాళి మండలం

తల్లీ, వాడు బడికి భయపడడం లేదు. తిరిగి వెళ్లే మొదటి రోజుకి భయపడుతున్నాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే "వచ్చావా మహారాజా, ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావ్?" అంటారని వాడికి తెలుసు. రేపు సాయంత్రం మీరే మాస్టారి దగ్గరికి వెళ్లి "ఎల్లుండి వస్తాడు, అందరి ముందూ ఏమీ అడక్కండి బాబూ" అని చెప్పి రండి. ఎల్లుండి వాణ్ణి ఒంటరిగా పంపకండి. అదే తరగతి పిల్లాణ్ణి ఇంటికి పిలిచి, ఇద్దర్నీ కలిపి పంపండి.

మిగతాది మాస్టారికి. మూడు వారాల నోట్సూ రాసుకు రమ్మంటే అది శిక్షే అవుతుంది. రాస్తూ రాస్తూ మళ్లీ మానేస్తాడు. దానికి బదులు ఏడాది మొదటి నుంచీ ప్రతి పిల్లాడికీ ఒక జత పెట్టండి. జత రాని రోజు రెండోవాడు ఒక కాగితం మీద మూడు ముక్కలు రాసి ఉంచాలి: ఏ పాఠం, ఎన్నో పేజీ, ఇంటిపని ఏంటి. తిరిగి వచ్చినవాడు చివరి మూడు రోజుల పని మాత్రం పూర్తి చేస్తాడు. లెక్కల్లో మాత్రం ముందు తెలియనిదే తర్వాతది రాని అంశాలు ఏవో రెండు చూసి, మీరే విడిగా చెప్పండి. అంతే.

బడి మానేసిన పిల్లల్ని పట్టుకు రమ్మని పిల్లల గుంపుని పంపడం మంచిది కాదు. వీధిలో అందరూ చూస్తుండగా పదిమంది వచ్చి తలుపు కొడితే వాడు మేడెక్కి దాక్కుంటాడు. మొదటిరోజు జతగాడు ఒక్కడే కాగితం తీసుకుని వెళ్లాలి. మూడో రోజు మాస్టారే ఫోను చెయ్యాలి.

రోజులు ఎలా కారిపోతాయో కూడా చూడండి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకి ఏడాదికి 220 పనిరోజులు. అందులో పదో వంతు 22. నెలకి రెండు రోజులు మానేస్తే పిల్లాడు ఇంచుమించు అక్కడికి చేరిపోతాడు, ఎవరికీ కనబడడు కూడా. నెలాఖరున హాజరు పట్టీలో రెండుకి మించి ఆబ్సెంట్ ఉన్న పేర్ల కింద ఎర్రగీత పెట్టుకోండి.

తీరంలో బడులకి ఇంకో మాట. గుజరాత్ వైపు వేట నిషేధం జూన్ 1న మొదలై కనీసం జులై ఆఖరుదాకా ఉంటుంది. అటు వెళ్లే తండ్రులు ఊళ్లో ఉండేది ఆ రోజుల్లోనే. బడి తెరిచిన మొదటి నెలన్నరలోనే తల్లిదండ్రుల మీటింగు పెట్టి, వాళ్లు వెళ్లాక ఎవరికి ఫోను చెయ్యాలో, పిల్లాడు ఎవరింట్లో ఉంటాడో రాయించుకోండి. డిసెంబరులో పెడితే వచ్చేది నాయనమ్మలే.

ప్రశ్న: కొండ ఊళ్ల నుంచి ఆరుగురు సవర పిల్లలు ఈ ఏడు ఆరో తరగతిలో చేరారు. ఆఖరి బెంచీలో ముద్దగా కూర్చుంటారు, ఎవరితోనూ కలవరు. దసరా సెలవులయ్యాక ఇద్దరు తిరిగి రాలేదు. మిగతా నలుగురు కూడా సంక్రాంతికి వెళ్లిపోతారేమోనని భయం.
— ఒక ఉపాధ్యాయురాలు, మందస

ముద్దగా కూర్చోవడం తప్పు కాదమ్మా, అదొక్కటే వాళ్లకి ఆ గదిలో ఉన్న ఇల్లు. నలుగుర్నీ నాలుగు మూలలకి విడగొట్టకండి. ఇద్దరు ఇద్దరుగా ఉంచి, ఒక్కో జంట పక్కన ఇద్దరు దిగువ ఊళ్ల పిల్లల్ని కూర్చోబెట్టండి.

ఆ ఇద్దరు ఎవరన్నది మీ అంచనాకి వదలకండి. పిల్లల్ని ఒక్కొక్కళ్లుగా పిలిచి "గుంపు పనికి ఎవరితో కూర్చుంటావు? ముగ్గురి పేర్లు చెప్పు" అని అడగండి. ఎవరంటే ఇష్టం లేదో మాత్రం అడక్కండి, ఆ ప్రశ్నే కొత్త పగలు పుట్టిస్తుంది. పేర్లు గళ్ల కాగితం మీద అడ్డంగా, నిలువుగా రాసి గుర్తులు పెట్టుకోండి. 1930ల్లో జేకబ్ మొరెనో అనే మానసిక వైద్యుడు మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఎవరి పేరు కింద ఒక్క గుర్తూ లేదో వాళ్లు తరగతిలో ఉండీ లేనివాళ్లు. ఆ పిల్ల చెప్పిన మూడు పేర్లలో ఒకరి పక్కన ఆమెని కూర్చోబెట్టండి. అందరూ కోరే "స్టార్" పిల్లాడి పక్కన పెట్టకండి, వాడికి ఖాళీ ఉండదు. ఇద్దరు ముగ్గురు కోరిన నెమ్మదస్తులు మేలు. ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్లీ అడగండి. కాగితం మాత్రం మీ బీరువాలోనే ఉండాలి.

తర్వాత భాష. సవర ముండా కుటుంబపు భాష, మన తెలుగు ద్రావిడం. మాట వరసే వేరు. ఆ పిల్లలు మౌనంగా ఉన్నప్పుడు ఆలోచన లేక కాదు, తర్జుమా చేసుకుంటున్నారు. మీ జిల్లా మనిషే, గిడుగు రామమూర్తి పంతులు ఈ సంగతి పట్టుకుని సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, వాళ్లకి బడులు పెట్టారు. ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసేది ప్రతి బడిలోనూ ఉంది. దండ వేసిన బడిలోనే "సవరలో మాట్లాడితే ఫైను" ఉంటే ఆయన ఏమనుకుంటారో. సాధ్యమైనంతవరకూ పిల్లల మాతృభాషలోనే బోధన ఉండాలని, భయం లేకుండా చదువు సాగాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షనులో ఉంది. ముందు తమలో తాము సవరలో మాట్లాడుకోనివ్వండి, ఆ తర్వాత తెలుగులో చెప్పమనండి. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

కలిసి పని చేయించడానికి ఒక పద్ధతి. 1971లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో తెల్ల, నల్ల, మెక్సికన్ పిల్లలు కొత్తగా ఒకే తరగతుల్లోకి వచ్చి కొట్లాటలు జరుగుతుంటే, ఇలియట్ ఆరన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ముక్కలుగా పంచుకునే పాఠం పెట్టాడు. మీ తరగతిలో 30 మంది ఉంటే అయిదుగురి చొప్పున ఆరు గుంపులు. పాఠం నాగావళి నది అనుకోండి. ఒకరికి పుట్టుక, ఒడిశాలోని కలహండి కొండలు. ఒకరికి ఉపనదులు: ఝంఝావతి, సువర్ణముఖి, వేగావతి. ఒకరికి తోటపల్లి బ్యారేజి. ఒకరికి నీటితో పండే పంటలు. ఒకరికి శ్రీకాకుళం ఊరు దాటి సముద్రంలో కలిసే చోటు. ఎవరి కాగితం వాళ్లకే ఇవ్వాలి, మొత్తం పాఠం ఎవరికీ ఇవ్వకూడదు. మొదటి పీరియడులో ఒకే ముక్క వచ్చిన ఆరుగురూ ఒకచోట చేరి, అర్థం చేసుకుని, ఎలా చెప్పాలో అనుకుంటారు. చదవడం రాని పిల్లకి అండ దొరికేది ఇక్కడే, ఈ మెట్టు ఎగ్గొట్టకండి. రెండో పీరియడులో సొంత గుంపుకి వెళ్లి ఒక్కొక్కరు అయిదు నిమిషాలు చెబుతారు. చివర అయిదు ముక్కల మీదా పరీక్ష.

సవర పిల్ల చెబుతుంటే ఎవరైనా నవ్వితే తిట్టకండి. "రేపు పరీక్షలో ఉపనదుల మీద రెండు ప్రశ్నలున్నాయి, ఆ కాగితం ఆమె దగ్గరే ఉంది" అని గుర్తు చేసి పక్కకి వెళ్లండి. ఒక ముక్క దగ్గరున్న పిల్ల రాకపోతే గుంపంతా కూలిపోతుంది కాబట్టి ప్రతి ముక్కకీ అదనపు కాగితం ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. వారానికి ఒక పాఠం చాలు, రోజూ చేస్తే పలచబడుతుంది.

పిల్లల్ని కులం పేరుతో, తెగ పేరుతో పిలవడం ముందు స్టాఫ్ రూములో ఆపాలి. మాస్టారు "ఒరే సవరోడా" అన్నాక పిల్లల్ని ఏమని మందలిస్తారు? అలాగే అతిథులొచ్చినప్పుడల్లా ఆ నలుగురి చేతే డప్పు, డాన్సు పెట్టించకండి. మిగతా రోజుల్లో వాళ్లు కనబడనట్టే కదా దాని అర్థం.

సంక్రాంతికి వెళ్లేముందు ఆ నలుగురికీ తిరిగి తెరిచే రోజు పని ఒకటి అప్పజెప్పండి: ఒకరికి తరగతి తాళంచెవి, ఒకరికి మొక్కల నీళ్లు, ఒకరికి రాగిజావ గ్లాసుల లెక్క. తమ కోసం ఎవరో ఎదురు చూస్తున్నారని తెలిసిన పిల్లలకి కొండ దిగడానికి ఒక కారణం ఉంటుంది. వాళ్ల జతగాళ్ల చేత సెలవుల మధ్యలో ఒకసారి ఫోను కూడా చేయించండి.

ప్రశ్న: మా అబ్బాయి చదివే ప్రైవేటు బడిలో మార్కుల ప్రకారం ఏ, బీ, సీ సెక్షన్లు చేశారు. మావాడు ఏలోకి వెళ్లాడు. సంతోషించాలా?
— బొబ్బిలి

సంతోషించండి, కానీ వాడి మొహం చూస్తూ ఉండండి. నిన్నటిదాకా తరగతిలో రెండోవాడు, ఈ రోజు ఏ సెక్షనులో ఇరవై రెండోవాడు. చదువు అంతే ఉన్నా తన మీద తనకున్న నమ్మకం తగ్గుతుంది. హెర్బర్ట్ మార్ష్ అనే ఆస్ట్రేలియా మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని 1980ల్లోనే చూపించాడు. సీ సెక్షను పిల్లల సంగతి వేరే చెప్పాలా, వాళ్లకి బోర్డు మీదే రాసి ఇచ్చినట్టు. ఆటలకి, ప్రయోగశాలకి, భోజనానికైనా మూడు సెక్షన్లనీ కలపమని మీటింగులో అడగండి.

ప్రశ్న: బెంచీలు యు ఆకారంలో వేస్తే పిల్లలు బాగా వింటారని విన్నాం. నిజమేనా?
— ఆమదాలవలస

మాట్లాడుకునే పాఠానికి నిజం. ఎవరికి వారు లెక్కలు చేసుకునే పాఠానికి వరసలే మంచివి, చూపు చెదరదు. నలభై మంది గదిలో యు పట్టదు కూడా. ముందు బెంచీవాళ్లు వెనక్కి తిరిగితే నలుగురి గుంపు అవుతుంది, ముప్ఫై సెకన్లలో అయిపోయే పని. బెంచీలు జరపాల్సి వస్తే కాళ్లకి పాత సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగించండి. ఆ కీచుమన్న చప్పుడు విని హెడ్మాస్టారు ఒకసారి గదిలోకి వచ్చారంటే, మర్నాటి నుంచి మీరు బెంచీ కదపరు.